ముప్పై ఎనిమిది అంగుళాల అల్లుడు

ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు వచ్చి నాలుగేళ్ళే అయింది. ఒత్తులు ఇంకా పూర్తిగా నా మాట వినవు, దీర్ఘాలు తమకు తోచిన చోట సాగుతాయి. ఎక్కడైనా కనబడితే చూసీ చూడనట్టు వదిలెయ్యండి. నా రాత కూడా నత్త నడకే. ఈ కథకు ఒక వానాకాలం, రెండు పెన్నులు పట్టాయి. అయినా నేనే రాయాలి. ఎందుకంటే ఇది మా అల్లుడుగారు చెబితే తప్పంతా నాదే అన్నట్టు ఉంటుంది. తప్పు నాదే, కాదనను. కానీ నా తప్పు నేను చెప్పుకుంటే ఆ రుచి వేరు.

మా ఆయన దర్జీ. ఆయన కత్తిరించేవారు, నేను కుట్టేదాన్ని. ఆయనకు అంకెలు వచ్చు, నాకు రావు. అందుకని నా కొలతలన్నీ దారంతోనే. మనిషి నడుం చుట్టూ దారం తిప్పి, రెండు కొసలు కలిసిన చోట ముడి వేసి, ఆ దారాన్ని గోడకున్న మేకుకు తగిలించేదాన్ని. ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు. ఎవరి దారం ఏదో నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. ఈ పద్ధతి మా ఆయనకు బాగా నచ్చింది. కొలత పైకి చదివితే వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని ఆయన భయం. "కొలత దారానికి తెలియాలి, సూదికి తెలియాలి. మనిషికి తెలియనక్కర్లేదు" అనేవారు. "ఇంట్లో అద్దం చూసుకునే వచ్చుంటారు కదే. మళ్ళీ మనమెందుకు చెప్పడం?"

ఆయన పోయాక మేకులన్నీ పీకి, దారాల కట్టను డబ్బాలో పెట్టుకుని, కుట్టుమిషనుతో సహా కూతురింటికి వచ్చేశాను. కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. అల్లుడుగారు ఫైరింజను డ్రైవరు.

అల్లుడుగారి గురించి ఒక్క మాట. ఆయనకు ఆ బండంటే ప్రాణం. అన్నం ముందు కూర్చున్నా రెండు చేతులూ కంచం అంచు పట్టుకుని మెల్లగా కుడివైపుకు తిప్పుతారు. వీధి మలుపు గుర్తొచ్చిందన్న మాట. నడిరోడ్డు మీద జనమంతా పక్కకు తప్పుకుని దారిస్తే ఎలా ఉంటుందో, ఎంత చెప్పినా ఆయనకు తనివి తీరదు.

నేను వచ్చిన ఆర్నెల్లకు అనుకుంటాను, ఆయన డ్యూటీ నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నారు. నేను మూడోసారి వడ్డించాను. ఆయన కొంచెం ముందుకు వంగారు. పాంటు గుండీ తెగి, ఎగిరి వెళ్ళి మంచినీళ్ళ గ్లాసుకు టింగుమని తగిలింది.

ఆయన గుండీ వంక చూశారు. గ్లాసు వంక చూశారు.

"అత్తయ్యగారూ, ఈమధ్య దారాలు బొత్తిగా నాసిరకం వస్తున్నట్టున్నాయి" అన్నారు.

నలభై ఏళ్ళు కుట్టుపని చేసినదాన్ని. నా దారాన్ని ఒక్క మాట అంటే ఊరుకునే మనిషిని కాను. కానీ అల్లుడాయె. "దారం బాగానే ఉంది బాబూ, పొట్టే బాగాలేదు" అని ఏ అత్త అనగలదు? "అవును బాబూ, మారుస్తాను" అన్నాను. మర్నాడు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పాంటు వెనక కుట్టు విప్పి వేలెడు వదులు చేసి, కొత్త గుండీ కుట్టి, ఇస్త్రీ చేసి తగిలించాను.

ఆయన తొడుక్కుని, "చూశారా, దారం మారిస్తే ఎంత తేడానో" అన్నారు.

అక్కడ మొదలైంది. రెండు మూడు నెలలకోసారి, పాంటు ఇస్త్రీకి వచ్చినప్పుడల్లా కుట్టు ఎంత లాగిందో చూసి కొంచెం విప్పేదాన్ని, కొత్త నడుం మీద దారం చుట్టి ముడి వేసి డబ్బాలో దాచేదాన్ని. లోపల వదిలిన గుడ్డ అయిపోయాక పాత యూనిఫారాల్లోంచి ముక్కలు కత్తిరించి రెండు పక్కలా అతుకులు వేశాను. అదే నీలం, అదే నేత. నా అతుకు కనిపెట్టగలిగినవారు మా ఆయన ఒక్కరే, ఆయన ఇప్పుడు ఫోటోలో ఉన్నారు. బెల్టుతో కొంచెం కష్టమైంది. ఆయన ఎప్పుడూ మూడో కన్నానికే పెట్టుకుంటారు. అందుకని మేకు కాల్చి పక్కన కొత్త కన్నాలు పొడిచి, పాతవాటిని మైనంతో పూడ్చి, పైన బూటు పాలిష్ రాసేదాన్ని. ఆయన మూడో కన్నం అలా నడుచుకుంటూ బెల్టు చివరి దాకా వెళ్ళింది, ఆయనకు తెలియకుండానే.

వండేదీ నేనే, విప్పేదీ నేనే. ఒక చేత్తో వెన్న, ఒక చేత్తో కత్తెర. ఇలా ఎనిమిదేళ్ళు.

పాపం ఆయన పొగరుబోతు కారు, కానీ ఈ ఒక్క విషయంలో చెప్పుకునేవారు. స్టేషన్లో ఆయనతో పనిచేసే ఒకతన్ని అందరూ నిచ్చెన అంటారు, అంత పొడుగు, అంత సన్నం. అతను ఇంటికొస్తే అల్లుడుగారు బెల్టు తట్టి చూపించేవారు.

"పన్నెండేళ్ళైంది నా పెళ్ళై. అదే పాంటు కొలత, అదే బెల్టు, అదే మూడో కన్నం."

"మరి ముందు నుంచి చూస్తే మీరు అలా లేరే అన్నా" అనేవాడు నిచ్చెన.

"అది కండ. నీకు లేదు కాబట్టి నీకు తెలియదు."

మందుల షాపులో ఒకసారి తూకం ఎక్కారట. దిగి, "దీన్ని బాగుచేయించవే, జనం మందుల్లేకుండానే పోతారు" అని మా అమ్మాయితో చెప్పారట.

ఇంతలో నేను చదువు నేర్చాను. కింద అంతస్తులో టీచరమ్మ ఉంటారు, ఉద్యోగం అయిపోయి ఇంట్లో ఊరికే కూర్చోలేక నన్ను పట్టుకున్నారు. అక్షరాలకు ఏడాది పట్టింది, అంకెలు నెలలోనే వచ్చేశాయి. అంకెలు వచ్చిన రోజున మా ఆయన టేపు తీసి కనబడిందల్లా కొలిచాను. తలుపు, మంచం, టీచరమ్మ చెయ్యి. చివరికి దారాల డబ్బా తెరిచాను. అల్లుడుగారి పెళ్ళినాటి దారం నీలంది. టేపు మీద పరిస్తే ముప్పై నాలుగు. కిందటి నెలది పరిచాను.

నలభై ఒకటి.

టేపు తిప్పి మళ్ళీ పరిచాను, అంతే ఉంది. ఇన్నాళ్ళూ నాకు దారం కొంచెం కొంచెం పొడుగవుతోందని తెలుసు కానీ, అది ఇంత మాటకు వస్తుందనుకోలేదు. ఏడంగుళాలంటే నా అరచెయ్యి కన్నా ఎక్కువ. ఒక అరచేతిని మించిన అల్లుడు నా చేతుల మీదుగా పుట్టాడన్న మాట.

డబ్బా మూత పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే మరో మూడేళ్ళు నడిపేదాన్నేమో, ఆ కాగితం రాకపోతే.

స్టేషన్‌కు కొత్త అధికారి వచ్చాడు. పాత అధికారి మంచివాడు, మా అల్లుడుగారికి అన్నలా ఉండేవాడు, ఒంటి విషయంలో కూడా. కొత్తాయన మెళ్ళో ఈల వేసుకుని తెల్లవారకముందే వస్తాడట. ఆయన పంపిన కాగితాన్ని అల్లుడుగారు బీరువా తలుపుకు అంటించి వెళ్ళారు. నేను కళ్ళజోడు పెట్టుకుని, వేలు కింద పెట్టుకుంటూ చదివాను. నా అంతట నేను చదివిన మొదటి ఆఫీసు కాగితం అది. అందులో మంచి మాట ఒక్కటీ లేదు.

నలభై రోజుల్లో పరీక్ష. నిచ్చెన ఎక్కాలి, నీళ్ళ గొట్టం లాగాలి, ఇసక మూట మోయాలి. పూర్తి యూనిఫారంలో నడుము కొలత ముప్పై ఎనిమిది అంగుళాలు మించరాదు. మించినవారు బండి దిగి గొట్టాల గదికి మారవలెను.

గొట్టాల గదంటే నాకు తెలుసు. ఒకసారి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్ళి చూశాను. కిటికీ లేదు. తడి గొట్టాలు ఆరబెట్టడం, చుట్టడం, మళ్ళీ విప్పడం. అక్కడ పనిచేసే పెద్దాయన గంట మోగితే తలుపు దాకా వచ్చి, బండి వెళ్ళిపోయాక లోపలికి పోతాడు. మా అల్లుడుగారు అలా తలుపు దగ్గర నిలబడడం నా కళ్ళ ముందు కదిలింది.

ఆ సాయంత్రం కదిలించి చూశాను. "బాబూ, ఆ కాగితంలో నడుం గురించి ఏదో రాశారు."

"ఆ. ముప్పై ఎనిమిదట. నాదెప్పుడూ ముప్పై నాలుగే కదండీ. ఆ ఈలాయన భయం నాకు కాదు, కొందరున్నారు వాళ్ళకి. అన్నట్టు ఇంకో రొట్టె వెయ్యండి, వెన్న కొంచెం చూసుకుని."

"చూసుకుని అంటే తక్కువా బాబూ?"

"చూసుకుని అంటే మీకు తెలుసు కదండీ."

తెలుసు. వేశాను.

ఇప్పుడేం చెయ్యాలి? ఎనిమిదేళ్ళ అబద్ధం ఒక్క నోటి మాటతో ఎలా చెప్పను? చెబితే ఆయన మొహం చూడగలనా? చెప్పకపోతే గొట్టాల గది. రాత్రంతా అటు ఇటు దొర్లి, పొద్దున్నే మిషను ముందు కూర్చోగానే ఒక ఆలోచన వచ్చింది. నోటితో చెప్పలేనిది పాంటుతో చెప్పవచ్చు కదా. ఎనిమిదేళ్ళు వదులు చేసిన చేతులే కదా, ఇప్పుడు బిగిస్తే సరి. పాంటు బిగుతైతే ఆయనే గ్రహిస్తారు, ఆయనే తగ్గుతారు. నా పేరు బయటికి రాదు.

మొదటి వారం అర అంగుళం లోపలికి మడిచి కుట్టాను. అతుకు గుడ్డ కత్తిరించలేదు, ఎప్పుడైనా పనికొస్తుందని లోపలే మడిచాను. గుడ్డ కత్తిరించాలంటే నాకు చెయ్యి రాదు, దర్జీ ఇంటిదాన్ని.

ఆయన పాంటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు. గుండీ పెట్టారు. తీశారు. మళ్ళీ పెట్టారు.

"అత్తయ్యగారూ, ఉతికితే గుడ్డ ముడుచుకుంటుందా?"

"కొత్త గుడ్డైతే ముడుచుకుంటుంది బాబూ. ఇది పాతదే."

 ఆ రోజు రెండో రొట్టె దగ్గర ఆగారు. నాకు సంతోషం, దుఃఖం రెండూ ఒకేసారి వచ్చాయి. నేను వండింది కంచంలో మిగలడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

రెండో వారం మరో అంగుళం మడిచాను. ఆయన వ్యాయామం మొదలుపెట్టారు. మేముండేది మూడో అంతస్తు. నీళ్ళ డబ్బా భుజాన పెట్టుకుని మెట్లు దిగడం, ఎక్కడం. గదిలో దిండు పట్టుకుని గెంతడం. నాలుగో రోజున టీచరమ్మ పైకొచ్చారు.

"మీ ఇంట్లో ఏం జరుగుతోందమ్మా? మా దీపం ఊగుతోంది."

"మా అల్లుడుగారు తగ్గుతున్నారండీ."

"తగ్గేవాళ్ళు అంత చప్పుడు చెయ్యరే" అని ఆవిడ వెళ్ళిపోయారు.

మా అమ్మాయి ఒకపక్క నవ్వుతుంది, ఒకపక్క భయపడుతుంది. "ఏవండీ, పొద్దున ఒక గుడ్డు, రాత్రి కాసిని ఉడికించిన కూరగాయలు. ఇదేం తిండండీ? మొహం పీక్కుపోయింది."

"మొహం పీక్కుపోతే ఏం లాభమే, నడుం పీక్కుపోవాలి కానీ."

నిజానికి పోతోంది. కానీ నాకు తొందర ఎక్కువైంది. రోజులు దగ్గరపడుతున్నాయని వారానికోసారి బదులు రెండు సార్లు మడిచాను. ఆయన ఇంచు తగ్గితే పాంటు ఇంచున్నర తగ్గేది. బెల్టు కన్నాలు కూడా వెనక్కి నడిపించాను. పరుగు పందెంలో ఆయన ఎంత పరిగెత్తినా నా పాంటు ఒక అడుగు ముందే ఉండేది. మూడో వారం చివరికి ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని, ఊపిరి బిగబట్టి, గుండీ పెట్టుకునే స్థితికి వచ్చారు.

ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి నా మిషను పక్కన కింద కూలబడ్డారు. మనిషి చిక్కిపోయాడు. బుగ్గల్లో గుంటలు. చొక్కా వేలాడుతోంది. నడుం మాత్రం పాంటులో ఇరుక్కుని ఉంది.

"నాకేదో జబ్బు ఉందండీ" అన్నారు.

"ఛ, అవేం మాటలు బాబూ."

"లేకపోతే ఏమిటి? సగం తింటున్నాను. రెట్టింపు లావవుతున్నాను. మంచినీళ్ళు తాగినా ఒంటికి పడుతున్నట్టుంది. నిచ్చెనేమో నువ్వు తగ్గావన్నా అంటాడు, మీ అమ్మాయి తగ్గారంటుంది, అందరూ నా మనసు కష్టపెట్టలేక చెబుతున్నారు. ఈ ఇంట్లో నాతో నిజం చెప్పేది నా పాంటు ఒక్కటేనండీ."

సూది నా వేల్లో దిగింది. "బాబూ, ఒక మాట చెప్పనా" అన్నాను.

"చెప్పకండి. మీరు కూడా తగ్గాననే అంటారు. మీకు నేనంటే ప్రేమ, నాకు తెలుసు. మీరొక పని చేసిపెట్టాలి. మీ దస్తూరి గుండ్రంగా ఉంటుంది. నాకొక అర్జీ రాయండి. నా అంతట నేనే గొట్టాల గదికి వెళ్తానని. ఆ ఈలాయన అందరి ముందూ నన్ను దింపేకన్నా నేనే దిగడం నయం. మీ అమ్మాయికి చెప్పకండి."

అంటూ కంచం లేకపోయినా ఆయన రెండు చేతులూ గాల్లో చక్రం పట్టుకున్నట్టు ఒకసారి కుడికి తిరిగాయి. అది చూశాక నేనేం చెప్పగలను? కాగితం తీశాను.

ఇక నా జీవితంలో నత్త నడక ఉపయోగపడింది ఒక్క అప్పుడే. ఆ మూడు వాక్యాలు రాయడానికి ఎనిమిది రోజులు తీసుకున్నాను. ఒక రోజు సిరా ఒలికింది. ఒక రోజు కళ్ళజోడు కనబడలేదు, నెత్తి మీదే ఉంది కానీ. ఒక రోజు టీచరమ్మకు చూపించి దిద్దించుకు వస్తానని వెళ్ళి ఆవిడతో కబుర్లు చెప్పి వచ్చాను. ఆయన పాపం, "తొందరేం లేదండీ, తొందరేం లేదండీ" అంటూనే తలుపు దగ్గర తచ్చాడేవారు. అలా లాగి లాగి పరీక్ష ముందు రోజుకు తెచ్చాను. ఆ మధ్యాహ్నం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, ఆయన ఊపిరి ఆడేలా రెండంగుళాలు వదులు చేశాను. మడతలన్నీ విప్పడానికి వ్యవధి లేదు. మిగతావి లోపలే ఉండిపోయాయి.

పొద్దున్నే ఆయన గుండీ పెట్టుకుని ఆగిపోయారు. "పట్టిందండీ" అన్నారు మెల్లగా. "పట్టింది బాబూ. ఒక్కసారి వెళ్ళి నిలబడండి. కాకపోతే అర్జీ ఎలాగూ ఉంది" అన్నాను.

"అయితే మీరు కూడా రండి, కాగితం పట్టుకుని. ఆయన టేపు చదవగానే, నోరు తెరవకముందే ఇచ్చెయ్యాలి."

అలా నేను స్టేషన్ ఆవరణలో గోడ పక్కన, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సంచిలో అర్జీ, దానితో పాటు నా సామాను, టేపు, సూదులు, కుట్లు విప్పే చిన్న కత్తి. అవి లేకుండా నేను గడప దాటను.

మా అల్లుడుగారు నిచ్చెన ఎక్కారు, మనిషి నిచ్చెన కన్నా ముందే దిగారు. గొట్టం లాగారు. ఇసక మూట భుజాన వేసుకుని ఆవరణ చుట్టూ పరిగెత్తారు. మెట్ల మీద నీళ్ళ డబ్బా మోసిన భుజం మరి. కొత్త అధికారి కూడా ఈల నోట్లోంచి తీసి చూశాడు. ఆఖరున అందరూ వరసగా నిలబడ్డారు, ఆయన టేపు తీశాడు.

నిచ్చెనది ఇరవై తొమ్మిది. ఇంకొకాయనది ముప్పై ఆరు. తర్వాత మా అల్లుడుగారు. ఆయన కళ్ళు మూసుకున్నారు. అధికారి నడుం పట్టీ మీదుగా టేపు చుట్టాడు, వంగి చూశాడు, మళ్ళీ చుట్టాడు.

"ముప్పై ఎనిమిది ముప్పావు" అన్నాడు.

 అల్లుడుగారు కళ్ళు తెరవకుండానే నా వైపు చెయ్యి చాపారు, కాగితం కోసం.

నేను లేచాను. సంచిలో చెయ్యి పెట్టాను. కాగితం తగిలింది, పక్కన కత్తి తగిలింది. మా ఆయన మాట గుర్తొచ్చింది. మనిషికి తెలియనక్కర్లేదట. ఆయనకేం, ఫోటోలో ఉన్నారు.

"అయ్యా, అది తప్పు కొలతండీ" అన్నాను.

అధికారి తిరిగాడు. "ఎవరమ్మా మీరు?"

"ఆయన అత్తగారినండీ. మీరు కొలిచింది ఆయన నడుం కాదు. నా కుట్టు."

"అంటే?"

"అంటే చూపించాలండీ. బాబూ, కదలకండి, గుచ్చుకుంటుంది."

"అత్తయ్యగారూ, ఏం చేస్తున్నారు?" అన్నారు అల్లుడుగారు. అప్పటికే నేను ఆయన వెనక మోకాళ్ళ మీద కూర్చుని నడుం పట్టీ విప్పుతున్నాను. మొదటి మడత బయటికి వచ్చింది. దాని లోపల రెండో మడత. దాని లోపల అతుకు, ఆ అతుక్కి ఇంకో అతుకు. ప్రతి కుట్టులోనూ గుడ్డ పొరలు పొరలుగా, పుస్తకం పేజీల్లా ఉంది.

"ఇవి ఈ నెలలో మడిచినవండీ" అని అధికారికి చూపించాను. "ఇది రెండేళ్ళ కిందటి అతుకు. ఇది గుండీ తెగిన ఏడాదిది. ఇంత గుడ్డ మీద టేపు పెడితే మీదైనా నాదైనా పెరగదా, మీరే చెప్పండి."

నిచ్చెన గోడకు ఆనుకుని కిందకు జారిపోయాడు, నవ్వలేక.

"ఎందుకమ్మా ఇదంతా?" అన్నాడు అధికారి. ఆయన గొంతులో కోపం లేదు, అర్థం కాకపోవడం ఉంది.

"లావైతే వదులు చేశానండీ. అల్లుడు కదా, లావయ్యారని ఎలా అంటాం? మీ కాగితం వచ్చాక బిగించాను. మళ్ళీ, లావయ్యారని ఎలా అంటాం?"

ఆఖరి కుట్టు తెగింది. పాంటు జారింది. అల్లుడుగారు రెండు చేతులతో అందుకున్నారు కాబట్టి పరువు మిగిలింది.

"ఇప్పుడు చొక్కా మీద కొలవండి" అన్నాను. "అది నేను కుట్టలేదు."

అధికారి కాసేపు నన్ను చూశాడు, కాసేపు ఆయన్ను చూశాడు. టేపు మళ్ళీ చుట్టాడు. "ముప్పై ఏడున్నర" అని చదివి, పుస్తకంలో రాసుకుని, "బండి మీదే ఉండండి" అన్నాడు. తర్వాత నాతో, "అమ్మా, ఇకమీదట మా యూనిఫారాల జోలికి రాకండి" అన్నాడు. సరేనన్నాను. అర్జీని సంచిలోనే నలిపేశాను.

తిరిగి బస్సులో వచ్చాం. కూర్చోవడానికి చోటు లేదు. అల్లుడుగారికి నా మీద కోపం, నన్ను చూడకుండా అటు తిరిగి నిలబడ్డారు. కానీ రెండు చేతులూ పాంటు పట్టుకుని ఉన్నాయి, పైన కమ్మీ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా వచ్చి నా మీద పడేవారు. మళ్ళీ వెళ్ళి అటు తిరిగేవారు.

మూడు స్టాపులు దాటాక అటు తిరిగే అడిగారు. "ఎంత దాకా వెళ్ళాను?"

"నలభై ఒకటి, బాబూ."

ఒక స్టాపు.

"మరి బెల్టో?"

"అదీ నేనే. మైనం."

ఇంకో స్టాపు. "మూడో కన్నం" అన్నారు తనలో తను. "స్టేషనంతా చెప్పుకున్నాను, మూడో కన్నమని." బ్రేకు పడింది. నా భుజం మీదకు వచ్చి, ఈసారి వెనక్కి వెళ్ళలేదు.

"అంటే నాకు జబ్బు లేదా?"

"లేదు బాబూ."

"నలభై ఒకటి నుంచి ముప్పై ఏడున్నర." లెక్క వేసుకున్నారు. "మూడున్నర అంగుళాలు. నేనే? నిజంగా?"

"టేపు మీద ఒట్టు."

ఆయన నిటారుగా నిలబడ్డారు. పక్కనున్న మనిషెవరో తెలియదు, ఆయనతో, "మూడున్నర అంగుళాలండీ, నలభై రోజుల్లో" అన్నారు. పాంటు రెండు చేతులతో పట్టుకున్న మనిషి చెబితే ఎవరైనా నమ్ముతారు. ఆయన నమ్మాడు.

ఇంటికి వచ్చాక మా అమ్మాయికి అంతా చెప్పారు, గుండీ నుంచి మొదలుపెట్టి. అది నవ్వి నవ్వి కుర్చీలోంచి నేలమీదకు దిగింది. ఎక్కిళ్ళు వచ్చాయి. మంచినీళ్ళు ఇస్తే మైనం సంగతి గుర్తొచ్చి అవీ కక్కేసింది. "పన్నెండేళ్ళు ముప్పై నాలుగంటే నేనూ నమ్మానే అమ్మా. కళ్ళెదురుగా కనబడుతున్నా పాంటునే నమ్మాను."

అల్లుడుగారు నవ్వలేదు. నా మిషను దగ్గరకు వచ్చారు. "అత్తయ్యగారూ, ఇకనుంచి నేను తగ్గినా పెరిగినా మీరు నోటితో చెప్పాలి. బాధపడితే పడతాను. ఈ ఇంట్లో ఎవరు అడిగినా నిజమే చెప్పాలి. మాటివ్వండి."

మిషను మీద చెయ్యి వేసి మాటిచ్చాను. గుండెల మీద నుంచి బండరాయి దించినట్టుంది. ఎనిమిదేళ్ళ తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అలా ఒక్కసారే పీల్చాను.

ఎందుకంటే నేల మీద నవ్వు ఆగింది. మా అమ్మాయి లేచి కూర్చుంది. మందుల షాపుకు వేసుకెళ్ళే దాని తెల్లకోటు కుర్చీ వెనక వేలాడుతోంది. దాని వంక చూసింది. నా వంక చూసింది.

"అమ్మా" అంది. "మరి నా కోటు?"

అల్లుడుగారు నా వైపు తిరిగారు. ఆ రోజంతటిలో మొదటిసారి ఆయన మొహంలో నవ్వు కనబడింది. "ఇప్పుడే మాటిచ్చారు, అత్తయ్యగారూ."

నేను టేపు తీసి ఆయన చేతికి ఇచ్చాను. "మీరు కొలవండి బాబూ. నేను కుట్లు విప్పుతాను" అన్నాను.

ఇట్లు,
దారాలమ్మ (ఈ మెట్ల మీద అందరూ అలాగే పిలుస్తారు),
వయసు అరవై ఆరు,
ఉండేది మూడో అంతస్తులో కూతురింట్లోనే, కాకపోతే కుట్టుమిషను మాత్రం ఇప్పుడు టీచరమ్మ ఇంట్లో ఉంది.